మన సీమలో ఖడ్గమృగం

పెనుకొండ, ధర్మవరం, హిందూపురం కొండల్లో ఎలుగుబంటి ఉందంటే నమ్ముతాం. సీమలో ఖడ్గమృగం తిరిగేదంటే మాత్రం నవ్వుతాం! కాని 1880లలో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్ని రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు తవ్వించగా దాని ఎముకలు దొరికాయి. ఆ జాతికి కర్నూలు పేరే పెట్టారు.

గుర్రానికి దూరపు చుట్టమైన ఈ వంశం సుమారు 5 కోట్ల ఏళ్లనాటిది. కర్నూలు జాతి ఏనాడో అంతరించింది. అస్సాంలో ఉన్న ఒంటికొమ్ముది సుమారు 40 ఏళ్లు బతుకుతుంది. కడుపుతో ఉండేది 15, 16 నెలలు (మనకు తొమ్మిదికే ప్రాణం విసుగు), పుట్టేది ఒక్క పిల్ల. మళ్లీ ఈనడానికి మూడేళ్లయినా పడుతుంది. చంపే చేతులకు అంత ఓపిక ఏదీ? కొమ్ము మందని వేటాడితే గత శతాబ్దం మొదట్లో ఏ 200లో మిగిలాయి. కాపాడగా 2022 లెక్కల్లో ఒక్క కాజీరంగాలోనే 2,613 తేలాయి.

ఇంతాచేసి ఆ కొమ్ము మన గోళ్లలో ఉండే పదార్థమే! మా చిన్నవాడికి గోళ్లు తీస్తూ ఈ మాట చెబితే, “అయితే ఇవి దాచి అమ్ముదామా అమ్మా?” అన్నాడు.