మండపం కట్టే చేతులకు సదస్సులో చోటేది?

(నంద్యాలలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెళ్లి మండపాలు అలంకరించేవాళ్లు తమ వ్యాపార సదస్సులకు వెళ్తే ఏం లాభమన్న చర్చ స్త్రీల హక్కుల సభలో ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ మండపం వెనక ఎవరి శ్రమ ఉందో చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

మహానందిలోనో అహోబిలంలోనో మంచి ముహూర్తం ఉందంటే, నంద్యాల, ఆళ్లగడ్డల్లో ముందురోజు రాత్రంతా మేలుకుని బంతి, చామంతి దండలు కట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. కాంట్రాక్టు మాట్లాడి అడ్వాన్సు పుచ్చుకునేది ఎక్కువగా మగవాళ్లు. ఆళ్లగడ్డ శిల్పానికి ఊరి పేరైనా ఉంది. మర్నాటికి వాడిపోయే పూలమండపానికి ఎవరి పేరూ ఉండదు.

ఈ పని ఇప్పుడు ఒక పరిశ్రమ. 2008లో ఏర్పడిన ఈవెంట్ అండ్ ఎంటర్‌టైన్‌మెంట్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ ‘ఈమాజిన్’ పేరుతో సదస్సులు జరుపుతోంది. టెంట్ హౌస్ యజమానులకూ సంఘాలున్నాయి. ఇలాంటి చోట కొత్త దీపాలు, కొత్త గుడ్డలు చూడటమొక్కటే లాభం కాదు. సరుకు తయారుచేసేవాళ్లతో నేరుగా మాట్లాడితే దళారి బెడద తగ్గుతుంది. పక్క జిల్లాలో ఏ పనికి ఎంత అడుగుతున్నారో తెలుస్తుంది. 2020లో కోవిడ్ వల్ల పెళ్లిళ్లు ఆగినప్పుడు అడ్వాన్సు ఎవరికి చెందాలన్న ప్రశ్న వచ్చింది. ఒప్పందంలో అలాంటివి ముందే ఎలా రాసుకోవాలో తోటివాళ్ల అనుభవమే నేర్పుతుంది.

పూలు కట్టడంతో మొదలుపెట్టి సొంతంగా డెకరేషన్ పనులు పట్టే స్థాయికి వచ్చిన నంద్యాల స్త్రీ ఒకామె హైదరాబాదులో ఇలాంటి ప్రదర్శనకు వెళ్లొచ్చింది. ఏం తెచ్చుకున్నావని అడిగాను. “అక్కా, ఆడికి పోయినాక ధర చెప్పడం తెలిసింది. ముందు అంతా కలిపి ఒకే మొత్తం చెప్పేదాన్ని, వాళ్లు సగం తగ్గించేవాళ్లు. ఇప్పుడు పూలు వేరే, కూలి వేరే, బండి బాడుగ వేరే రాసిస్తాండా” అంది.

కూలి వేరే! ఈ మాట దగ్గర మనం ఆగాలి. అంతవరకు పూల ఖర్చులో కలిసిపోయిన శ్రమ మొదటిసారి కాగితం మీద కనిపించింది.

కానీ ఆమెకు దండలు కట్టే ఆళ్లగడ్డ స్త్రీని కలిసినప్పుడు, “మా మూర లెక్క అయితే మారలేదు కదక్కా” అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. సదస్సు లాభం వెళ్లిన మనిషి దగ్గరే ఆగిపోయింది. వెళ్లింది స్త్రీ అయినంత మాత్రాన లాభం స్త్రీలందరికీ చేరదు.

పదిమంది ఒకచోట చేరితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతుల్లో కలుసుకున్నాకే కదా 1992లో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది! యజమానులు కలుసుకుని ధరలు మాట్లాడుకుంటున్నప్పుడు దండలు కట్టేవాళ్లు ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా ఎందుకుండాలి?

అందుకే నేను కోరేవి మూడు. ఒకటి, సదస్సుకు వెళ్లేవాళ్లలో పనిచేసే స్త్రీలూ ఉండాలి. వాళ్ల దారి ఖర్చుతో పాటు పోయిన రోజు కూలి కూడా లెక్కలోకి రావాలి. రెండు, వెళ్లొచ్చినవాళ్లు తెలుసుకున్న ధరలను ఇక్కడ అందరి ముందూ చెప్పాలి, మూర లెక్క అక్కడే తేలాలి. మూడు, రాత్రి పనికి, ప్రయాణానికి భద్రత ఉండాలి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పనిమీద వెళ్లిన చోటూ, అందుకు యజమాని ఏర్పాటు చేసిన బండీ పనిస్థలమే. పదిమంది కంటే తక్కువమంది పనిచేసే చోట వేధింపు జరిగితే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. మరి మన కమిటీలో ఎవరున్నారో, ఎక్కడ కలవాలో దండలు కట్టే ఎంతమందికి తెలుసు?

ముందు ఆ పేర్లు, ఆ చిరునామా కనుక్కుని పూలు కట్టే ప్రతి ఇంటికీ చేరుద్దాం. మన సదస్సు అక్కడే మొదలవుతుంది.