రాత్రి పదకొండు గంటల డబ్బా
(స్వర్ణోత్సవాల రెండో రోజు మధ్యాహ్నం, పూర్వ విద్యార్థుల సమావేశంలో 1984 పదో తరగతి బ్యాచ్‌కు చెందిన ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీ వాళ్లు నాకు పదిహేను నిమిషాలిచ్చి, "ఆరోగ్యం గురించి ఏదైనా చెప్పు" అన్నారు. భోజనాల తర్వాత, గ్రూప్ ఫొటోకి ముందు. గారెలు, పులిహోర, బొబ్బట్లు తిన్నవాళ్ల ముందు ఆరోగ్యం గురించి మాట్లాడమనడం మా బ్యాచ్ వాళ్లు నా మీద తీర్చుకున్న కక్ష అనుకుంటున్నాను.

పొద్దున్నుంచి ఈ ఆవరణలో నేను ఎక్కువసార్లు విన్న మాట, "ఏరా, ఇలా అయిపోయావేంట్రా?" ఆఫీసు గదిలో మా బ్యాచ్ ఫొటో ఉంది, చూశారు కదా. నలభై రెండు మందిమి. అందరికీ కాలర్ ఎముకలు కనిపిస్తున్నాయి. అప్పుడు మనకు మనోబలం ఎక్కువని కాదు. ఇంట్లో డబ్బాలో ఏమీ ఉండేది కాదు, అంతే. ఏడున్నరకి భోజనం, కరెంటు ఉంటే కాసేపు చదువు, లేకపోతే తొమ్మిదికల్లా మంచం. మిగిలిన అన్నం పొద్దున చల్దికి. పండక్కి వండిన జంతికల డబ్బా రాత్రిపూట తెరిస్తే, ఆ మూత చప్పుడుకి అమ్మ లేచేది.

ఇప్పుడు మూత చప్పుడు కాని డబ్బాలొచ్చాయి. ఆ డబ్బా గురించే ఈ పదిహేను నిమిషాలూ మాట్లాడతాను. ఇందులో నా తప్పొకటి ఉంది. అది మా మాస్టార్ల ముందే చెప్పుకోవాలనిపించింది.

2019లో నా బరువు 86 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు. మన దేశం వాళ్లకి బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటాం. నాది 30 దాటింది. మా నాన్నగారికి షుగరు. ముందు కాలి వేలు తీశారు, తర్వాత మోకాలి కింద దాకా తీశారు. 2009లో పోయారు. ఆయన రాత్రిళ్లు లేచి వంటింట్లో బెల్లం తినేవారు. చూసి మేమందరం తిట్టేవాళ్లం. నేనైతే డాక్టర్ని కూడా కాబట్టి ఇంకాస్త గట్టిగా తిట్టేవాణ్ని.

ఆ ఏడాది జూన్‌లో నేనూ బరువు తగ్గాలని పట్టుబట్టాను. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, ఒక పుల్కా, రోజూ గంట నడక. పగలంతా నన్ను చూసి మా ఆవిడే మెచ్చుకుంది. మూడు నెలలు గడిచాక తూకం చూస్తే 87.

రాత్రి క్లినిక్ మూసి ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. రెండు పుల్కాలు, కూర. తర్వాత టీవీ. పదకొండింటికి మంచినీళ్ల కోసమని వంటింట్లోకి వెళ్లేవాణ్ని. లైటు వెయ్యకుండా, ఫ్రిజ్ వెలుతురులో, నిలబడే తినేవాణ్ని. నిలబడి తిన్నది లెక్కలోకి రాదని నా నమ్మకం.

ఆ ఆగస్టులోనే నా దగ్గరికి ఒక టీచరమ్మ వచ్చారు. మనలాంటి బడిలోనే పనిచేసి రిటైరయ్యారు. షుగరుకి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటున్నారు. బరువు తగ్గాలని రాత్రి భోజనం మానేశారు. "డాక్టరు గారూ, రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోందండీ. ఆకలికి ఆగలేక చాటుగా తినేస్తున్నాను. సిగ్గుగా ఉంది" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. బయట ముప్పై మంది పేషెంట్లున్నారు. నేను, "మనసు గట్టి చేసుకోవాలమ్మా. మీరే పిల్లలకి క్రమశిక్షణ నేర్పినవాళ్లు, మీకు నేను చెప్పాలా?" అని పంపించేశాను. ఆ రాత్రి పదకొండింటికి నేను మిక్చర్ డబ్బా దగ్గరున్నాను.

ఆవిడ టీచరు కదా, చెప్పిన మాట విన్నారు. రాత్రి లేచినా తినకుండా పడుకున్నారు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున వాళ్లబ్బాయి ఆవిణ్ని స్పృహ లేకుండా తీసుకొచ్చాడు. ఒళ్లంతా చెమట. షుగరు 38. గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచారు. ఆ మాత్ర ప్రభావం చాలాసేపు ఉంటుంది కాబట్టి ఒక రోజంతా ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది.

ఆవిడది జిహ్వచాపల్యం కాదు. ఆ మాత్ర క్లోమం నుంచి ఇన్సులిన్ని విడుదల చేయిస్తుంది. భోజనం మానేసి మాత్ర వేసుకుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఆ రెండింటి ఆకలి, ప్రాణం కాపాడుకోవడానికి ఒళ్లు పెట్టిన కేక. చెమట పడుతోందా, చేతులు వణుకుతున్నాయా, గుండె దడగా ఉంటోందా, ఈ మూడు ప్రశ్నలు నేను అడగలేదు. అడగడానికి ఒక నిమిషం చాలు. ఆకలంటే నీతిపాఠం చెప్పాను.

అందుకే ఇక్కడున్న షుగరు వాళ్లందరికీ మొదటి మాట. ఇన్సులిన్ గానీ ఇలాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు, డాక్టరుతో మాట్లాడకుండా రాత్రి భోజనం మానకండి. రాత్రి చెమటతో, వణుకుతో మెలకువ వస్తే షుగరు చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. ఇంకా తక్కువగానే ఉంటే మళ్లీ తాగండి. సర్దుకున్నాక ఏదైనా తిని పడుకోండి. మీటరు లేకపోతే అనుమానం వచ్చినా చక్కెర తాగడమే మంచిది. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. మర్నాడు మీ డాక్టరుకి చెప్పండి. దాచకండి.

ఇక మాత్రలూ లేని, షుగరూ లేని నా సంగతి. అది జరిగిన రోజు రాత్రి, మొదటిసారి లైటు వేసి, నేను తినేది తూకం వేశాను. మా లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, తప్పయితే సరిదిద్దాలి. గుప్పెడు వేరుశెనగ గుళ్లు 30 గ్రాములు, 170 కెలోరీలు. మిక్చరు 50 గ్రాములు, 250 పైమాటే. చిన్న బెల్లం ముక్క, 40. మొత్తం 460. నా గంట నడకకి ఖర్చయ్యేది 300 చుట్టూ. అంటే రోజూ పొద్దున సంపాదించిందంతా రాత్రికి పోగొట్టుకుని, పైన 160 అప్పు. బరువెందుకు పెరిగిందో ఐదో తరగతి పిల్లాడైనా చెప్తాడు.

వారం తర్వాత రక్తపరీక్ష చేయించుకున్నాను. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది. 6.5 అయితే షుగరు వ్యాధే. మా నాన్నగారు నిలబడినచోటే నేనూ నిలబడ్డాను, అదే వంటింట్లో, అదే చీకట్లో.

రాత్రే ఎందుకిలా అవుతుంది? నాకు కనిపించిన కారణాలు నాలుగు. మొదటిది, పగలు కడుపు మాడ్చడం. దోసకాయ ముక్కలతో గడిపిన మధ్యాహ్నం బాకీని ఒళ్లు రాత్రి వడ్డీతో వసూలు చేస్తుంది. రెండోది నిద్ర. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, చాలు అని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. మూడోది, ఒంట్లో ఉన్న గడియారం. అది పనిచేసే తీరు కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. పొద్దున తిన్న ఆహారమే రాత్రి పొద్దుపోయాక తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. ఆ వేళకి ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది.

నాలుగోది అసలు ఆకలే కాదు. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్లకి పగలైతే మనకి రాత్రి. ఫోను కోసం ఎదురుచూస్తూ చేతికి పని కావాలి కదా, పక్కన పళ్లెం ఉంటుంది. ఫోను రాకపోతే ఆ పళ్లెం ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది. నా విషయంలో అది అలసట. రోజంతా ఇతరుల మాట విన్నాక, నాకోసం ఎవరూ అడగని అరగంట అది.

కొద్దిమందికి రాత్రి పలుమార్లు లేచి తింటే తప్ప నిద్ర పట్టదు. దీన్ని 1955లోనే ఒక వైద్యుడు జబ్బుగా గుర్తించి రాశారు. అలాంటివాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు. చికిత్స ఉంది.

నేను మార్చుకున్నవి చిన్న చిన్నవి. మధ్యాహ్నం సరిగ్గా తింటున్నాను. పప్పు, కూర, పెరుగు, కొద్దిగా అన్నం. సాయంత్రం ఐదింటికి శనగ గుగ్గిళ్లు. రాత్రి భోజనం క్యారియర్‌లో క్లినిక్‌కే తెచ్చుకుని ఏడున్నరకి తినేస్తున్నాను. పేషెంట్లు అరగంట ఆగుతున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. మిక్చరు కిలో డబ్బా కొనడం మానేసి, కావాల్సినరోజు చిన్న పొట్లం తెచ్చుకుంటున్నాను. మా ఆవిడకి అన్నీ చెప్పేశాను. "నాకు మొదట్నుంచీ తెలుసు, డబ్బా ఎవరు నింపుతున్నారనుకున్నారు?" అంది.

రాత్రి తొమ్మిది దాటాక తినాలనిపిస్తే నన్ను నేనో ప్రశ్న అడుగుతాను. "పెరుగన్నం పెడితే తింటావా?" తింటానంటే అది ఆకలి. అప్పుడు లైటు వేసి, కూర్చుని, పళ్లెంలో పెట్టుకుని తింటాను. ఒక జామకాయో, గ్లాసు మజ్జిగో, కాసిన్ని వేయించిన శనగలో. పెరుగన్నం వద్దు, మిక్చరే కావాలంటే అది ఆకలి కాదు, ఇంకేదో. అప్పుడు పడుకోవడం మంచిది, లేకపోతే ఎవరితోనైనా మాట్లాడటం మంచిది.

పద్నాలుగు నెలల్లో 79కి వచ్చాను. హెచ్‌బీఏ1సీ 5.8 అయింది. సంక్రాంతికి అరిసెలు తిన్నాను, రెండు కిలోలు పెరిగాను, మళ్లీ తగ్గాను. ఇప్పటికీ కొన్ని రాత్రులు ఓడిపోతాను. కానీ లైటు వేసే ఓడిపోతాను. రేపు ఇంటికెళ్లాక మీరు టేపు తీసుకుని నడుము కొలుచుకోండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే రక్తపరీక్ష చేయించుకోండి. అంతవరకు చాలు.

మా నాన్నగారిని తిట్టినన్నిసార్లలో ఒక్కసారైనా పక్కన కూర్చుని, "ఆకలేస్తోందా నాన్నా?" అని అడగలేదు. మీ ఇంట్లో ఎవరైనా రాత్రి వంటింట్లో దొరికితే, ముందు ఆ మాట అడగండి. నా మనవి అదొక్కటే.

ఆ టీచరమ్మ ఇప్పటికీ నా దగ్గరికే వస్తున్నారు. మందు మార్చాం, రాత్రి భోజనం చేస్తున్నారు, ఆరోగ్యంగా ఉన్నారు. ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ నవ్వేశారు. కానీ టీచరు టీచరే కదా. వచ్చిన ప్రతిసారీ, నేను బీపీ చూసేలోపే ఆవిడే అడుగుతారు, "డాక్టరు గారూ, రాత్రి ఏం తిన్నారు?" అని. నేను నిజం చెప్తాను.