మీ ఫోన్ ఎవరితో మాట్లాడుతోంది? దాచిన ఏపీఐలు, మనం ఆగాల్సిన గీత

నేను మట్టెవాడ నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు ఎపిసోడ్ ఒక టోకెన్ నంబర్‌తో మొదలైంది.

మా అమ్మకి షుగర్ ఉంది. రెండు నెలలకోసారి వరంగల్‌లోనే ఒక క్లినిక్‌కి తీసుకెళ్తా. పేరు చెప్పను, ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది. ఇప్పుడు ఎన్నో టోకెన్ నడుస్తుందో వాళ్ళ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. కానీ పేజీని మనమే మాటిమాటికీ రిఫ్రెష్ చేయాలి. అమ్మేమో ఐదు నిమిషాలకోసారి "బిడ్డా, మన నంబర్ దగ్గరికొచ్చిందా?" అని అడుగుతది. నేను ఇంజనీర్‌ని కదా, మన నంబర్ దగ్గరపడగానే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా చిన్న స్క్రిప్ట్ రాద్దాం అనుకున్నా.

ల్యాప్‌టాప్‌లో ఆ సైట్ తెరిచి, ఎఫ్ 12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లోకి వెళ్ళా. అక్కడ ఫెచ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది. అది పెడితే బొమ్మలు, ఫాంట్లు పక్కకి పోయి, పేజీ వెనకాల సర్వర్‌తో జరిగే సంభాషణ మాత్రమే మిగులుతుంది. ఇదే ఏపీఐ. దీని గురించి కంపెనీ బయట ఎక్కడా రాసి పెట్టలేదు కాబట్టి డాక్యుమెంటేషన్ లేని ఏపీఐ అంటాం. కానీ రహస్యం ఏమీ కాదు, మన బ్రౌజరే దాన్ని అడుగుతోంది, జవాబు మన మెషీన్‌కే వస్తోంది.

నేను ఆ జవాబు తెరిచా. స్క్రీన్ మీద కనిపించేది ఒక్క నంబర్, 17. జవాబులో మాత్రం ఆ రోజు క్యూ మొత్తం ఉంది. పేర్లు, ఫోన్ నంబర్లు, ఎందుకొచ్చారో ఆ కారణం కూడా. హోటల్లో ఒక్క ఇడ్లీ అడిగితే గిన్నె మొత్తం తెచ్చి టేబుల్ మీద పెట్టి, పైన గుడ్డ కప్పి, ఒక్క ఇడ్లీ మాత్రం బయటికి చూపించినట్టు. గుడ్డ తీస్తే అంతే.

నేను అమ్మకి చెప్పా. ఆమె అడిగింది, "నా పేరు గూడ ఉన్నదా అండ్ల?" ఉందమ్మా అన్నా. "షుగర్ అని గూడ ఉన్నదా?" ఉంది. "గది ఎవలైనా చూడొచ్చా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. చూడొచ్చు అనేది నిజం. నేను చూశాను అనేది కూడా నిజం.

ఇలాంటి తప్పుకి ఒక పేరుంది. ఓవాస్ప్ అనే సంస్థ 2019లో ఇచ్చిన ఏపీఐ సెక్యూరిటీ టాప్ 10 జాబితాలో ఇది మూడోది, అవసరానికి మించి డేటా పంపడం. మొదటిదేమో నంబర్ మారిస్తే పక్కవాళ్ళ రికార్డ్ వచ్చేయడం.

ఇది మన దగ్గర పెద్ద స్థాయిలో బయటపడింది. 2017 మే 1న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక రిపోర్ట్ విడుదల చేసింది. రాసింది అంబర్ సిన్హా, హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. వాళ్ళు నాలుగు ప్రభుత్వ పోర్టల్స్ చూశారు. అందులో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. మిగతా రెండు జాతీయ స్థాయివి, ఉపాధి హామీ, పింఛన్లు. మొత్తం కలిపి 13 నుంచి 13.5 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని వాళ్ళ అంచనా.

పింఛన్ల సైట్ సంగతి వినండి. వివరాలు దాచి చూపించే పేజీ యూఆర్ఎల్‌లో "నోలాగిన్" అనే మాట ఉంది. దాన్ని "లాగిన్" అని మారిస్తే దాచినవి కనిపించాయని రిపోర్ట్ చెప్పింది. ఆ నెలలోనే ఆధార్ సంస్థ యూఐడీఏఐ వాళ్ళకి లేఖ రాసింది, హ్యాక్ చేయకుండా ఈ డేటా దొరకదు అన్నట్టు. తప్పు చూపించిన వాళ్ళే సంజాయిషీ చెప్పుకోవాల్సొచ్చింది.

అదే ఏడాది ఆగస్టులో బెంగళూరులో ఇంకో కేసు. ఒక ఇంజనీర్ ఆధార్ వివరాలు చూపించే యాప్ చేసి ప్లే స్టోర్‌లో పెట్టాడు. ప్రభుత్వ ఈ-హాస్పిటల్ సిస్టమ్ ద్వారా ఆ వివరాలు తెచ్చాడన్నది పోలీసుల ఆరోపణ. అరెస్ట్ చేశారు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వీళ్ళు తలుపు తెరిచి ఉందని చెప్పడానికి రిపోర్ట్ రాశారు. అక్కడ, పోలీసులు చెప్పిన ప్రకారం, ఆ తలుపు మీద యాప్ కట్టారు. మన ఉద్దేశం మనకి తెలుసు, కానీ సర్వర్ లాగ్‌లో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోదు, మనం చేసే పద్ధతి కూడా మనకి సాక్ష్యం చెప్పాలి.

చట్టం సంగతి కూడా. ఐటీ చట్టం 2000, సెక్షన్ 43 ప్రకారం యజమాని అనుమతి లేకుండా సిస్టమ్‌లోకి వెళ్ళినా, డేటా కాపీ చేసినా నష్టపరిహారం కట్టాల్సి రావొచ్చు. అదే పని మోసపూరితంగా చేస్తే సెక్షన్ 66, మూడేళ్ళ వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. "లాక్ లేదు కదా అన్నా" అనే మాట ఆ సెక్షన్లలో ఎక్కడా లేదు.

అయితే ఏపీఐలు చూడటమే మానేయాలా? కాదు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. నేను పాటించే పద్ధతి చెప్తా.

ఒకటి, మీ ఫోన్, మీ అకౌంట్, మీ డేటా. ల్యాప్‌టాప్ లేకపోతే ఆండ్రాయిడ్‌లో పీసీఏపీడ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ ఉంది, రూట్ అక్కర్లేదు. మీ ఫోన్‌లో ఏ యాప్ ఏ సర్వర్‌తో మాట్లాడుతుందో చూపిస్తుంది. లోపలి మాటలు చాలావరకు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. ఆండ్రాయిడ్ 7 నుంచి మనం పెట్టిన సర్టిఫికెట్‌ని యాప్‌లు మామూలుగా నమ్మవు. ఆ తాళం పగలగొట్టే వీడియోలు దొరుకుతాయి, నేను చేయను.

రెండు, చూడండి, రాసుకోండి, ఊహించి కొట్టకండి. ఏ చిరునామాకి వెళ్ళింది, ఏం అడిగింది, ఏ రకం జవాబొచ్చింది, నోట్‌బుక్‌లో మూడు గడులు చాలు. ఐడీ 4521 ఉంటే 4522 పెట్టి చూద్దాం అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. అనుమానం ఉంటే మీవే రెండు అకౌంట్లు పెట్టుకుని, ఒకదాన్నుంచి ఇంకోటి కనిపిస్తుందా చూడండి. అది కూడా అనుమతి ఉన్న చోటే.

మూడు, నెమ్మదిగా. కోవిడ్ టైంలో 2021లో కోవిన్ ఏపీఐని ప్రభుత్వమే ఏపీఐ సేతులో డాక్యుమెంట్ చేసి ఇచ్చింది. అయినా ఒక్కో ఐపీకి ఐదు నిమిషాల్లో 100 రిక్వెస్టులే అన్న హద్దు పెట్టింది. బాహాటంగా ఇచ్చిన దానికే హద్దు ఉంటే, ఇవ్వని దాన్ని ఇంకెంత జాగ్రత్తగా ముట్టుకోవాలి? 429 వచ్చిందంటే సర్వర్ చేతులు జోడించినట్టు, ఆగండి.

నాలుగు, క్యాప్చర్ ఫైల్ ఎవరికీ పంపకండి. అందులో మీ కుకీలు, టోకెన్లు ఉంటాయి, అది మీ ఇంటి తాళం చెవి.

ఐదు, వేరే మనిషి వివరం కనిపించగానే ఆగండి. సేవ్ చేయొద్దు.

ఈ ఐదోది నేనే తప్పాను. ఆ రోజు అలవాటుగా ఆ జవాబు మొత్తం ఫైల్‌గా సేవ్ చేశా. అమ్మ ప్రశ్న తర్వాత దాన్ని డిలీట్ చేశా, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. కానీ కాసేపైనా అంతమంది జబ్బులు నా డెస్క్‌టాప్ మీద ఉన్నాయి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. రాత్రి ఈ క్లినిక్ పేరుతోనే థంబ్‌నెయిల్ కూడా ఆలోచించా. వ్యూస్ బాగా వచ్చేవి. కానీ ఆ వీడియో చూసిన వాళ్ళందరూ నేరుగా ఆ సైట్‌కే వెళ్ళి ఎఫ్ 12 నొక్కేవాళ్ళు. లిస్ట్‌లో మా అమ్మ ఉంది.

అందుకని మెయిల్ రాశా. ఏ పేజీ, ఏ టైం, ఏం కనిపించింది, నేనేం సేవ్ చేశా, ఏం డిలీట్ చేశా, అన్నీ. పేషెంట్ వివరం ఒక్కటి కూడా అందులో పెట్టలేదు. మూడు రోజులు జవాబు లేదు. తర్వాత ఫోన్ వచ్చింది, మొదటి మాటే "మా సైట్ హ్యాక్ చేసినవా?" చేతులు చల్లబడ్డాయి. సార్, నా టోకెన్ పేజీ నేను తెరిచాను, మా అమ్మ పేరు కూడా అందులో ఉంది అన్నా. అవతల కాసేపు మాట లేదు. "ఎక్కడ చూడాలె, చెప్పు" అన్నారు. ఫోన్‌లోనే వాళ్ళ సైట్ వాళ్ళకే చూపించా. జవాబు రాకపోయుంటే సెర్ట్-ఇన్‌కి రాసేవాణ్ణి. ఇలాంటి లోపాలు తీసుకునే జాతీయ సంస్థ అదే.

రెండు వారాలకి సరిచేశారు. ఇప్పుడు జవాబులో ఒక్క నంబరే వస్తుంది. అప్పుడు అడిగా, ఆ నంబర్‌ని నా స్క్రిప్ట్‌తో నిమిషానికొకసారి చదువుకోవచ్చా అని. సరే అన్నారు. మెయిల్‌లో రాసివ్వండి అన్నా, ఇచ్చారు.

పోయిన వారం అమ్మ ఇంట్లోనే కూర్చుని టీ తాగింది. ఫోన్ మోగాక బయల్దేరాం. దారిలో అడిగింది, "ఇప్పుడు నా పేరు లేదు గదా అండ్ల?"

లేదమ్మా.

ఇంతే ఫ్రెండ్స్ ఈ రోజు. మళ్ళీ కలుద్దాం.