చేన్ల ఏదన్నా పడితే ఏం జెయ్యాలె? ఈసీఐఎల్ బెలూన్ల ముచ్చట

చలికాలం మొదలైంది. మా టేకుమట్ల దిక్కు చలికాలం అంటే పత్తి ఏరే సీజన్, పెళ్ళిళ్ళ సీజన్. ఇంకో సీజన్ కూడా ఉంది, దాన్ని మాత్రం ఎవ్వరూ లెక్కలేసుకోరు. ఆకాశం నుంచి పెట్టెలు పడే సీజన్! నవ్వకండి, నిజంగనే చెప్తున్న. ప్రతి వారం రాకెట్లు, శాటిలైట్లు, చంద్రుడు అని మాట్లాడుకుంటం కదా. ఈ వారం మన చేన్లకు దిగే సైన్స్ గురించి మాట్లాడుకుందాం.

ముందు మొగిలిగుండ్ల సంగతి. 2022 డిసెంబర్ 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలోని ఆ ఊరి పొలాల్లో పెద్ద వస్తువొకటి దిగింది. హాలీవుడ్ సినిమాల్లో వ్యోమగాములు కూసుండే క్యాప్సూల్ ఉంటది చూడు, అచ్చం అట్లనే. ఇగ జనం ఉరికిన్రు. ఫోన్లు లేచినయ్. పోలీసులు వచ్చిన్రు. ఆ వీడియోలు రాష్ట్రమంతా తిరిగినయ్. యూఎఫ్ఓ అన్నోళ్ళున్నరు, ఏలియన్లు దిగిన్రు అన్నోళ్ళున్నరు. ఇప్పటికీ చలికాలం రాంగనే ఆ వీడియో ఏదో ఒక గ్రూపులో మళ్ళీ లేస్తది, ఊరి పేరు మాత్రం మారుతది.

అసలు సంగతి ఏందంటే, స్పెయిన్‌లో హేలో స్పేస్ అని ఒక కంపెనీ ఉంది. టూరిస్టులను బెలూన్ కట్టిన క్యాప్సూల్‌లో కూసుండవెట్టి, ఆకాశం నల్లగా కనిపించే ఎత్తుకు తీస్కపోయి, భూమి గుండ్రతనం చూపించి దించాలని వాళ్ళ ప్లాన్. దానికి మనుషులు లేకుండా చేసిన మొదటి పరీక్ష అది. దాదాపు 37 కిలోమీటర్ల ఎత్తుకు పోయి పారాషూట్‌తో కిందికి దిగింది. మరి ఎగిరింది ఎక్కడి నుంచి? మన హైదరాబాద్ నుంచే. ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళ బెలూన్ కేంద్రం నుంచి. మనం టీఐఎఫ్ఆర్ అందాం.

ఇక్కడ ఒక చిన్న లెక్క. దీనికి 19 రోజుల ముందు, అంటే 2022 నవంబర్ 18న, హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ రాకెట్ శ్రీహరికోట నుంచి ఎగిరి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. దేశంలో ప్రైవేట్ కంపెనీ ఎగరేసిన మొదటి రాకెట్. అందరం చప్పట్లు కొట్టినం, స్టేటస్‌లు పెట్టుకున్నం. అదే ఊరి నుంచి అదే చలికాలంలో ఎగిరిన బెలూన్ పొలంలో దిగితే మాత్రం ఏలియన్ అన్నం. ఎందుకంటే రాకెట్ గురించి ముందే తెలుసు. బెలూన్ గురించి ఎవ్వరూ మనకు చెప్పలేదు.

వరంగల్ నుంచి హైదరాబాద్ పోయేటోళ్ళకు ఈసీఐఎల్ చౌరస్తా తెల్వందా? ఉప్పల్ దాటి అటు తిరిగితే వస్తది. అక్కడ 1969 నుంచి ఈ బెలూన్ కేంద్రం నడుస్తుంది. అంతకుముందు కూడా టీఐఎఫ్ఆర్ వాళ్ళు బెలూన్లు ఎగరేసిన్రు. ఆ సంస్థను పెట్టిన హోమీ భాభాకు కాస్మిక్ కిరణాల మీద ఆసక్తి. వాటిని సక్కగ చూడాలంటే గాలి పొర దాటి పైకి పోవాలె. అప్పట్ల మనకు రాకెట్లు లేవు. బెలూనే దిక్కు. ఇంకో విశేషం, ఈ కేంద్రంలో బెలూన్లు ఎగరేసుడే కాదు, తయారు చేసుడు కూడా అక్కడనే.

అయితే ఈ బెలూన్ ఎట్ల పనిచేస్తది? బర్త్‌డే బెలూన్ లెక్క ఊహించుకోవద్దు. ఇది సన్నటి పాలిథిన్ ఫిల్మ్‌తో చేస్తరు. ఎంత సన్నగా అంటే, కూరగాయల కవర్లు 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండొద్దని ప్రభుత్వం రూల్ పెట్టింది కదా, ఇది దానికంటే చాలా పల్చన. లోపల హైడ్రోజన్ నింపుతరు. కింద నుంచి వదిలేటప్పుడు బెలూన్ నిండా గ్యాస్ ఉండదు. పైన ఒక బుడ్డ, కింద వేలాడే పొడుగు తోక, అంతే. చూస్తే ‘ఇది ఎగురుతదా’ అనిపిస్తది. పైకి పోతున్న కొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతది. 30 కిలోమీటర్ల ఎత్తుల ఒత్తిడి నేల మీద ఉన్నదాంట్లో దాదాపు నూరో వంతే. ఒత్తిడి తగ్గితే లోపలి గ్యాస్ ఉబ్బుతది, తోకంతా నిండుతది. ముందే నిండుగా నింపితే సగం దారిల పగులుతది. అందుకే జాగ ఉంచుతరు.

పైకి పోయినంక గాలి ఎటు తోస్తే అటు పోతది. దానికి ఇంజన్ లేదు, స్టీరింగ్ లేదు. ప్రయోగం అయిపోంగనే కింద నుంచి రేడియో సిగ్నల్ పంపిస్తరు. బెలూన్ తెగిపోతది, పరికరాల పెట్టె రంగు పారాషూట్‌తో కిందికి వస్తది. ఎక్కడికి? గాలి దయ. గాలి ఏం చేస్తదో మా మండలం వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. మా గర్మిళ్ళపల్లి దగ్గర మానేరు మీద కడుతున్న బ్రిడ్జి గడ్డర్లు 2024 ఏప్రిల్‌ల గాలి దుమారానికే కూలినయ్!

టీఐఎఫ్ఆర్ వాళ్ళు సీజన్ ముందు పేపర్లల్ల ఒక ప్రకటన ఇస్తరు. విశాఖపట్నం, హైదరాబాద్, షోలాపూర్ కలుపుతూ గీత గీస్తే, దానికి అటూ ఇటూ ఎక్కడన్నా దిగొచ్చని. జిల్లాల పేర్లు కూడా రాస్తరు. అందులో జనగామ ఉంటది, కరీంనగర్ ఉంటది, మన జయశంకర్ జిల్లా కూడా ఉంటది. అంటే మనం లిస్టుల ఉన్నం అన్నట్టు. కానీ ఊర్లె ఎంతమంది ఆ ప్రకటన సదివిన్రు?

ఇగ నేను ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం చెప్త. మొన్న మా కాక ఫోన్ చేసి ఇదే అడిగిండు.

“కొడుకా, గా డబ్బ మన చేన్ల పడితే ఏం జెయ్యాలెరా?”

“ముట్టుకోవద్దు కాక. పోలీసులకు చెప్పు.”

“ముట్టుకోకుంటే ఎవడన్నా ఎత్కపోతడు గదా?”

“కాపలా ఉండు.”

“నేను కాపలా ఉంటే నా పత్తి ఎవడు ఏర్తడు? చూడనీకె వచ్చినోళ్ళు చేనంతా తొక్కుతే ఎవడిస్తడు?”

నేను ఇంజనీర్‌ని కదా, సాంకేతిక ప్రశ్న వస్తదని రెడీగా ఉన్న. వచ్చింది రైతు ప్రశ్న. కానీ అదే అసలు ప్రశ్న. ఎందుకో చెప్త, దానికి ఒక ప్రయోగం గురించి మాట్లాడాలె.

2005 ఏప్రిల్ 20న ఇదే కేంద్రం నుంచి ఒక బెలూన్ ఎగిరింది. దాని లోపలి జాగ 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులు. గుండ్రంగా ఉన్నదనుకుని లెక్కేస్తే అడ్డం వంద మీటర్లు దాటుతది. చార్మినార్ ఎత్తు 56 మీటర్లు, దానికి రెండింతలన్నమాట. దాని కింద 459 కిలోల పెట్టె. పెట్టెల 16 స్టీలు గొట్టాలు, ఒక్క సూక్ష్మజీవి లేకుండా శుభ్రం చేసి, లోపల గాలి మొత్తం తీసేసి పెట్టినవి. చల్లగా ఉండాలని ద్రవ నియాన్‌ల ముంచిన్రు. 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య వేర్వేరు ఎత్తుల్లో ఒక్కో గొట్టం తెరుచుకుని అక్కడి గాలి పట్టుకుని మూసుకుంది. తర్వాత పారాషూట్‌తో పెట్టె కిందికి దిగింది.

ఆ గొట్టాల్లో దొరికిన వాటిని హైదరాబాద్‌లో సీసీఎంబీ, పుణెలో ఎన్‌సీసీఎస్ వేర్వేరుగా పరీక్షించినయ్. 12 బ్యాక్టీరియా కాలనీలు, 6 శిలీంధ్రాల కాలనీలు బయటపడ్డయి. అందులో మూడు బ్యాక్టీరియా జాతులు అంతకుముందు ఎవ్వరికీ తెల్వనివి. అతినీలలోహిత కిరణాలను తమ దగ్గరి చుట్టాల కంటే బాగా తట్టుకుంటున్నయి. 2009 మార్చిల ఇస్రో ఈ సంగతి ప్రకటించింది. వాటికి పెట్టిన పేర్లు జానిబాక్టర్ హాయ్లీ, బాసిలస్ ఇస్రోనెన్సిస్, బాసిలస్ ఆర్యభట. హాయ్లీ అంటే ఫ్రెడ్ హాయిల్ పేరు మీద. ఇవి భూమి బయటి నుంచి వచ్చినయని ఈ పరీక్ష ఖాయంగా తేల్చలేదని ఇస్రోనే చెప్పింది. కాబట్టి థంబ్‌నెయిల్ మీద ఏలియన్ బొమ్మ పెట్టుడు కుదరదు, సారీ.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పెట్టె కింద పడ్డంక ఎవరన్నా ‘లోపల ఏముందో చూద్దాం’ అని ఒక గొట్టం మూత తిప్పిన్రనుకో. స్టీలు మంచిగుందని ఒకటి ఇంటికి తీస్కపోయిన్రనుకో. ఆ ఒక్క నిమిషంలో మన చేతి మీది బ్యాక్టీరియా, చేన్లో దుమ్ము లోపలికి పోతయి. తర్వాత ల్యాబుల ఏం దొరికినా అది 41 కిలోమీటర్ల మీదిదా, మన మట్టిదా చెప్పే మార్గం లేదు. ఏండ్ల తయారీ, అంత పెద్ద బెలూన్, మొత్తం వేస్ట్. నేను సాఫ్ట్‌వేర్‌ల పనిచేసినప్పుడు సర్వర్ పడిపోతే ముందు లాగ్ ఫైల్ కాపాడుకునేటోళ్ళం. సర్వర్ మళ్ళీ లేపొచ్చు, లాగ్ పోతే ఏం జరిగిందో ఎప్పటికీ తెల్వదు. ఈ పెట్టె కూడా అంతే.

ఇంకోటి. టీఐఎఫ్ఆర్ వాళ్ళ దగ్గర 100 సెంటీమీటర్ల అద్దం ఉన్న ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్ ఉంది. నక్షత్రాలు పుట్టే మబ్బులను చూడడానికి దాన్ని బెలూన్ కిందనే ఎగరేస్తరు. ఆ కిరణాలను మన గాలిలోని నీటి ఆవిరి మింగేస్తది కాబట్టి అంత పైకి పోవాలె. కిందికి దిగినంక దాన్ని బాగుచేసుకుని మళ్ళీ ఎగరేస్తరు. అంటే మన చేన్ల పడ్డది చెత్త అనుకోవద్దు. వచ్చే ఏడు మళ్ళీ పైకి పోయేది కావచ్చు.

అందుకే కాక ప్రశ్న పెద్దది. ఈ ప్రయోగం ఆఖరి మెట్టు సైంటిస్టు చేతిల ఉండదు. ఆ పొద్దు ఆ చేన్ల ఎవరుంటే వాళ్ళ చేతిల ఉంటది. అది పత్తి ఏరే అవ్వ కావచ్చు, మేకలు కాసే పోరడు కావచ్చు.

మరి ఏం జెయ్యాలె? గుర్తుపెట్టుకోండి. ఒకటి, ముట్టుకోవద్దు, విప్పొద్దు, జరపొద్దు. కొన్ని పరికరాల్లో హై వోల్టేజ్ కరెంట్ ఉండొచ్చని వాళ్ళ ప్రకటనలోనే రాసి ఉంటది. రెండు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, పోస్టాఫీసుకో చెప్పండి. పెట్టె మీద అడ్రస్, ఫోన్ నంబర్ ఉంటయి, వాటికైనా చేయండి. మూడు, పిల్లలను దూరం ఉంచండి. నాలుగు, సమాచారం ఇచ్చినోళ్ళకు తగిన బహుమతి, ఖర్చులు ఇస్తమని ప్రకటనలో ఉంటది. పెట్టెను కెలికితే మాత్రం బహుమతి ఉండదు. ఐదు, ఆ పాలిథిన్‌ను మిర్చి కల్లం మీద పరదా చేద్దామనుకుంటే వద్దు, ఒక్క గాలికి పేలికలైతది. అట్లని చేన్ల ఇడిచిపెట్టొద్దు, పశువులు తింటయి.

ఇంకో తేడా చెప్పాలె. చేతిల పట్టేంత తెల్ల థర్మాకోల్ డబ్బా, దానికి పగిలిన రబ్బరు బెలూన్ దొరికితే అది వాతావరణ శాఖది అయ్యుండొచ్చు. గాలి వేడి, తేమ కొలవడానికి రోజూ ఎగరేస్తరు. దానికి భయపడేది లేదు, ఆగమాగం కావద్దు.

ఇగ కాక రెండో ప్రశ్న, జనం తొక్కిన పత్తి సంగతి. బహుమతి అనేది సమాచారం ఇచ్చినందుకు. పంట నష్టం లెక్క వేరే. నా అభిప్రాయం ఏందంటే, పెట్టె తీసుకపోయే రోజే చేను చూసి, రైతుతో కూసుండి ఆ లెక్క తేల్చాలె. ప్రకటన కూడా పేపర్ల మూలకు వేస్తే సరిపోదు. సీజన్ ముందు జాబితాలో ఉన్న ఊర్లల్ల డప్పు చాటింపు వేయించాలె, బడిల పిల్లలకు బొమ్మ చూపించాలె. బడిల ఒక్క పిల్లకు తెలిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తది. మీ ఊర్లె సార్లు, మేడమ్‌లు ఎవరన్నా ఈ ఎపిసోడ్ చూస్తుంటే ఒక్క పీరియడ్ దీనికి ఇయ్యండి. బాసిలస్ ఆర్యభట పేరు మీదనే మొదలుపెట్టండి, పిల్లలు మర్చిపోరు.

వచ్చే ఎపిసోడ్‌ల షాద్‌నగర్ దగ్గర ఎన్ఆర్ఎస్సీ డిష్‌లు శాటిలైట్ ఫోటోలను ఎట్ల పట్టుకుంటయో మాట్లాడుకుందాం. అప్పటిదాకా పైకి చూస్తూ ఉండండి, కాలికింద కూడా చూస్కోండి. ఉంట మరి!