పింఛను గడప దాకా వచ్చాక

గతించిన పెద్దల పేరిట జరిగే ఉపన్యాసంలో బతికున్న పెద్దల సంగతి మాట్లాడటం ఉచితమనే అనుకుంటాను. వృద్ధుల పక్షాన నిలవడం ఒక వృత్తి. దానికి శిక్షణ కావాలి. మన దేశం ఈ మాటను ఆలస్యంగా, అదీ సగమే ఒప్పుకుందని నా వాదన. 1978లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ చేతుల మీదుగా వృద్ధుల వైద్య విభాగం మొదలైంది. 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో అదే ఎం.డి. చదువైంది. మన సీమలోనే, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, మనస్తత్వ శాస్త్రవేత్త పి.వి. రామమూర్తి వార్ధక్య పరిశోధనకు ఒక కేంద్రాన్ని నిలబెట్టారు. 1999లో వయోవృద్ధుల జాతీయ విధానం వచ్చాక ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ మూడు నెలల పడక సేవ మొదలు ఏడాది డిప్లొమా దాకా కోర్సులు పెట్టింది. అన్నీ మంచి పనులే. మందిచ్చేవారు, పరిశోధించేవారు, మంచం దగ్గర సేవచేసేవారు అలా తయారయ్యారు. తహసీల్దారు కచేరీలో ముసలామె పక్కన నిలబడి కాగితం చదివి చెప్పే మనిషిని తయారుచేయడం మాత్రం ఎవరి పనీ కాలేదు.

ఆ లోటు విడపనకల్లు లాంటి మండలంలో తెలిసినంతగా నగరంలో తెలియదు. తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీళ్లు అందే పొలాలు పోగా తక్కినదంతా వాన మీది సేద్యం. అదీ దేశంలోకెల్లా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో. పంట ఎండిన ఏడు కొడుకూ కోడలూ బళ్లారికో బెంగళూరుకో పోతే ఇంటికి కాపలా, మనవలకు దిక్కు ముసలివాళ్లే. వాళ్లకు ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 1995 ఆగస్టు 15న కేంద్రం మొదలుపెట్టిన వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రంలో అది 2014లో 1000, 2019 జనవరిలో 2000, 2024 జూలైలో 4000 అయింది. 2020 ఫిబ్రవరి నుంచి వలంటీర్లు ఇంటికే తెచ్చి ఇచ్చారు, 2024 జూలై నుంచి సచివాలయ సిబ్బంది తెచ్చి ఇస్తున్నారు. ఏ పార్టీ ఖాతాలో వేసుకున్నా ఇది చిన్న సంగతి కాదు. ఇంకేం కావాలని అడిగేవారున్నారు. తెచ్చే మనిషికి పంచడమే పని. కలుపు తీసి, శెనక్కాయలు పెరికి అరిగిన వేలిముద్ర యంత్రంలో పడకపోతే, లేదా అంచనాగా రాయించిన ఆధార్ వయసు పింఛనుకు కావలసిన 60కి చాలకపోతే, ఏ రుజువుతో ఎక్కడ దిద్దించాలో ముసలాయనే వెతుక్కోవాలి. పింఛను ఆపిన ఉత్తర్వు మీద ఆయన తరఫున అర్జీ పెట్టమని, దాన్ని అమలుచేసే ఉద్యోగినే అడగలేం గదా.

అసలు చిక్కు గడప లోపల, ఇంటివాళ్లతోనే ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షతన ట్రిబ్యునల్ పెట్టింది. వకీళ్ల ఖర్చు తప్పించాలని 17వ సెక్షనులో వాళ్లను రావద్దంది. (2021లో కేరళ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది, అది వేరే కథ.) వకీలు లేచిపోయిన కుర్చీలో కూర్చోవడానికి 18వ సెక్షను పోషణాధికారిని చూపింది, అదీ జిల్లా సాంఘిక సంక్షేమాధికారి హోదాకు తగ్గకుండా. అంతటి అధికారి ఊరూరా దొరకడు. 23వ సెక్షను చూడండి. పోషిస్తానన్న షరతు మీద ఆస్తి రాయించుకుని పోషించకపోతే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దుచేయవచ్చు. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో అదే సెక్షనును తల్లి పక్షాన ఉదారంగా అన్వయించింది. అంటే షరతు దస్తావేజులోనే లేకపోతే ఫలితం ఎటైనా పోవచ్చు. రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేసే ముందు దాన సెటిల్‌మెంటు కాగితంలో ‘నా జీవితాంతం అన్నవస్త్రాలు, వైద్యం చూసే షరతు మీద’ అన్న ఒక్క వాక్యం రాయించే మనిషి ఉంటే, పదేళ్ల తర్వాతి కోర్టు తిరుగుడు చాలావరకు తప్పుతుంది. దస్తావేజు రాసేవాడికి ఫీజు ఇచ్చేది కొడుకు. ఆ వాక్యం గుర్తుచేయడం అతనికి లాభం కాదు.

బయటివాళ్లు చొరబడితే సంసారాలు చెడతాయంటారు. షరతు ముందే రాయించడం తగాదాను పుట్టించదు, పుట్టకుండా ఆపుతుంది. వలసపోయిన కొడుకుకు కూడా తనేం పంపాలో తేలుతుంది. సోషల్ వర్క్‌లో ఎం.ఎస్.డబ్ల్యూ. చదివినవాళ్లున్నారు గదా అంటే, చదివారు కానీ వాళ్లలో ఈ పల్లెల్లో నిలిచేవారు తక్కువ. 2009 నుంచి న్యాయసేవా సంస్థలు పారాలీగల్ వలంటీర్లను తీసుకుంటున్నాయి. కొద్దిరోజుల తరగతులు, పనిచేసిన రోజుకు భత్యం. దాన్ని వృత్తి అనలేం. మన జిల్లాకు దారి కొత్తది కాదు: 1969లో విసెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) పల్లె ఆడవాళ్లకే ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ ఇచ్చింది. 2009లో అభయహస్తం పథకం కింద పొదుపు సంఘాల మహిళలు రోజుకు రూపాయి కట్టి తమ ముసలితనపు పింఛనుకు లెక్క రాసుకున్నారు. అలాంటి ఒకామెకు ఆధార్ సవరణ, దస్తావేజు చదవడం, ట్రిబ్యునల్ అర్జీ, మతిమరుపు జబ్బు గుర్తుపట్టడం ఏడాదిపాటు నేర్పి, మండల సమాఖ్యలో కూర్చోబెట్టాలి. జీతం మాత్రం జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి రావాలి. పింఛను జాబితా రాసే కచేరీ నుంచి జీతం తీసుకుంటే, ఆ జాబితా మీద అర్జీ పెట్టడం ఆమెకు కుదరదు.