యుద్ధము ముగిసిన పిదప సేద్యము

ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమునందలి మొజాంబిక్ దేశమున 1977లో మొదలైన అంతర్యుద్ధము 1992లో రోము నగరమున జరిగిన సంధితో ముగిసినది. తుపాకి మ్రోత ఆగినది గాని, పేదరికము పోలేదు. ఇట్టి స్థితి మన అనంతపురమునకు క్రొత్తది కాదు. ఆ పాతకథనే నేడు శ్రోతలకు విన్నవింతుము.

1776లో హైదరాలీ మురారిరావునుండి గుత్తి దుర్గమును గైకొనెను. అతని పిదప టిప్పు, అటుపైన నిజాము ఈ సీమను ఏలిరి. 1800లో నిజాము దీనిని కుంపిణీకి దత్తము చేయుటచే దత్తమండలమను పేరు కలిగినది. ప్రభువులెందరు మారినను గ్రామములపై పెత్తనము పాలెగాండ్రదే. సుమారు 80 మంది కోటలు కట్టుకొని, ఒకరి పొలము నొకరు కొల్లగొట్టుచుండిరి. రైతు ఒకచేత మేడియు, ఒకచేత ఈటెయు పట్టిన దినములవి.

ప్రధాన కలెక్టరు థామస్ మన్రో అనంతపురమున విడిదిచేసి పాలెగాండ్ర నణచెను. ఎడ్లకును విత్తనములకును తక్కావి యిప్పించెను. 33 అడుగుల గొలుసుతో ప్రతి చేనును కొలిపించెను. కొలత బాగుగనే యున్నది. శిస్తు మాత్రము పంటలో నూటికి 45 వంతుల వఱకు పోయినది. వాన తప్పని యేడు అరుదైన ఈ మెట్టసీమలో అంత చెల్లించి, మఱుసటి యేటి గింజలను దాచుకొనుట యెట్లు? శాంతి వచ్చినను గాదె నిండలేదు.

ఈ సంగతి మన్రోయే గ్రహించి, మెట్ట మాగాణులపై నూటికి 25, బావుల క్రింది తోటలపై 33 తగ్గింపవలెనని 1807లో పై వారికి వ్రాసెను. అడుగున రాయి తగులు ఈ నేలలో బావి త్రవ్వినవాని కష్టము మన శ్రోతలకు వేఱుగ జెప్పనేల? కుంపిణీవారు ఆ మాట చెవినిడక, గ్రామములను గుత్తకిచ్చిరి. 1820లో మన్రోయే గవర్నరుగా వచ్చిన పిదపగాని తగ్గింపు అమలు కాలేదు. పదమూడేండ్లు! ఆలోపల ఎందఱి యెడ్లు అమ్ముడుపోయెనో!

మన్రోను దేవుని జేయుట మా యుద్దేశము గాదు. బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొన్నవారు సీమలో నుండిరి. అది వారి మంచితనము. నూటికి 45 వంతుల శిస్తు కట్టినదియు ఆయన కచేరియే గదా!

1827లో పత్తికొండలో ఆయన వాంతిభేదితో మరణించగా, గుత్తిలో ఖననము చేసిరి. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వమువారు తోపు నాటించి, రాతిమెట్లతో నొక బావి కట్టించిరి.