బంజారా హిల్స్ గురించి వికీపీడియాలో ఎలా రాయాలి?

పోయిన వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు, "అన్నా, మా ఏరియా గురించి వికీపీడియాలో రాయాలంటే ఎలా?" అని. సరే, ఈజీ ఏరియా ఎందుకు, కష్టమైనదే తీసుకుందాం. బంజారా హిల్స్.

కష్టం ఎందుకంటే ఆ పేరు వినగానే అందరికీ ఒక అభిప్రాయం రెడీగా ఉంటుంది. ఒకరొచ్చి "నగరంలోనే అత్యంత విలాసవంతమైన, ప్రతిష్ఠాత్మకమైన ప్రాంతం" అని మొదలుపెడతారు. అది ఫ్లాట్లు అమ్మే బ్రోచర్ భాష. ఇంకొకరు కోపంగా "డబ్బున్నోళ్ల అడ్డా" అని రాస్తారు. రెండిట్లోనూ సమాచారం సున్నా.

తెలుగు వికీపీడియాలో తటస్థ దృక్కోణం అని ఒక నియమం ఉంది. చాలామంది దాన్ని ఎవర్నీ నొప్పించకుండా రాయడం అనుకుంటారు. కాదండీ. అక్కడ డబ్బుందని చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కానీ విశేషణంతో కాదు. రిజిస్ట్రేషన్ శాఖ ఏరియాల వారీగా గజానికి మార్కెట్ విలువ ప్రకటిస్తుంది కదా? ఆ అంకె రాయండి, అది ఏ సంవత్సరానిదో రాయండి, సిటీలో ఇంకో ఏరియాలో ఎంత ఉందో పక్కనే పెట్టండి. 'పోష్' అనే మాట వాడకుండానే చదివేవాళ్లకి విషయం తెలిసిపోతుంది.

ఇప్పుడు పేరు సంగతి. బంజారాలు, అంటే మనం లంబాడీలు అంటాం కదా, వాళ్లు ఆ గుట్టల మీద ఉండేవాళ్లు. నిజాం కాలంలో మెహదీ నవాజ్ జంగ్ అనే పెద్ద అధికారి అక్కడి రాళ్ల మధ్య ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత 1960లో గుజరాత్‌కి మొదటి గవర్నర్ అయింది ఆయనే. ఆయన ఇంటి పేరు కూడా బంజారా భవనే. ఈ ఏరియా గురించి రాసేవాళ్లు నవాబు గారికి రెండు పేరాలు ఇచ్చి, బంజారాలకు "ఒకప్పుడు ఇక్కడ నివసించేవారు" అని అర వాక్యం ఇస్తారు. పేరు వాళ్లది, అర వాక్యం వాళ్లకా? వాళ్లెవరు, ఏం చేసి బతికేవాళ్లు అనేది పుస్తకాల్లో దొరుకుతుంది, కాస్త వెతకాలి అంతే.

ఇంకోటి. ఒక ఏరియా అంటే అక్కడ ఇళ్లున్నవాళ్లే కాదు. మా ఊళ్లో పెద్దవాళ్లకి బంజారా హిల్స్ అంటే సినిమా స్టార్లు కాదు, కళ్ల ఆపరేషన్. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి అక్కడే ఉంది మరి. 2000లో మొదలైన బసవతారకం క్యాన్సర్ హాస్పిటల్ కూడా అక్కడే. రెండు రాష్ట్రాల జిల్లాల నుంచి రిపోర్టుల కవర్ పట్టుకుని బస్సు దిగేవాళ్లందరికీ కూడా అది బంజారా హిల్సే.

ఇప్పుడు అసలు చిక్కు. నందినగర్, సింగాడికుంట, ఇబ్రహీంనగర్... ఇవన్నీ బంజారా హిల్స్‌లోనివే. వీటి గురించి రాద్దామంటే మూలం కావాలి. "నేను చూశాను, మా ఫ్రెండ్ ఉంటాడు" అంటే వికీపీడియాలో చెల్లదు. మాల్ ఓపెనింగ్‌కి, కొత్త రెస్టారెంట్‌కి పేపర్లో పేజీలకి పేజీలు దొరుకుతాయి. బస్తీ పేపర్లోకి వచ్చేది ఎక్కువగా నాలా పొంగినప్పుడో, కూల్చివేతలప్పుడో. అంటే మీరు ఎంత నిజాయితీగా మూలాలు చూసి రాసినా ఆర్టికల్ ఒకవైపుకే ఒరిగిపోతుంది. దీనికి నాకు కనిపించే దారి ఒకటే, గూగుల్ మొదటి పేజీ దాటడం. 2011 జనాభా లెక్కల్లో మురికివాడల లెక్క విడిగా తీశారు. మున్సిపల్ కార్పొరేషన్ రికార్డులు, యూనివర్సిటీ థీసిస్‌లు ఉంటాయి. బోరే, ఒప్పుకుంటా. కానీ పని జరిగేది అక్కడే.

అలాగని డబ్బున్నవాళ్లకి అన్యాయం చేయొద్దు. పబ్ గొడవో, కారు యాక్సిడెంటో పది పేపర్లలో వచ్చింది కదా అని ఆర్టికల్ సగం అదే నింపితే ఎలా? ఫలానా హీరో ఇల్లు ఫలానా రోడ్డులో అని రాయడం కూడా వద్దు. ఫేమస్ అయినంత మాత్రాన ఇంటి అడ్రస్ పబ్లిక్ అయిపోదు.

అన్నట్టు, జూబ్లీ హిల్స్ గురించి రాసేవాళ్లకి ఒక్క మాట. కాలనీ వేరు, అసెంబ్లీ నియోజకవర్గం వేరు. బోరబండ, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ కూడా ఆ నియోజకవర్గంలోవే. రెండూ కలిపేసి "ధనికుల నియోజకవర్గం" అని రాసేయకండి, బోరబండ వాళ్లు నవ్వుతారు.

రాయడం ఇష్టం లేదా? ఫోటో తీయండి. మాల్స్‌వి ఇప్పటికే బోలెడున్నాయి. బస్తీ వీధి, బస్ స్టాప్, బంజారా చెరువు, దీన్నే పాతకాలంలో హమీద్ ఖాన్ కుంట అనేవాళ్లు, ఇవి తీయండి. ఇళ్ల లోపలికి, మనుషుల మొహాల మీదికి మాత్రం కెమెరా పెట్టొద్దు. అప్‌లోడ్ ఎలా చేయాలో, లైసెన్స్ ఏది సెలెక్ట్ చేయాలో నెక్స్ట్ వీడియోలో చూపిస్తా. బై.